కిటికీలోంచి చూసిన ఇనుప గుండ్లు

ఆయన మీద నాకు అనుమానం బంద్ రోజుల్లో పుట్టింది కాదు. అంతకు ఆరేడేళ్ల ముందే, సిరిసిల్లలో ఒకే షెడ్డులో పక్కపక్క సాంచాలు నడపడం మొదలుపెట్టిన నెలలోనే పుట్టింది. సాంచ అంటే మరమగ్గం. మా దగ్గర ఎవరూ మరమగ్గం అనరు. నా సాంచాల మీది గుడ్డను బల్ల మీద పరిస్తే, మడతలు పెట్టే ఆమె లోపాలున్న రెండు మూడు చోట్ల సుద్దతో గుర్తులు పెట్టేది. ఆయన గుడ్డ మీద సుద్ద పడేది కాదు. ఇద్దరికీ ఒకే నూలు, ఒకే కరెంటు, ఒకే కాలం నాటి సాంచాలు. మరి తేడా ఎక్కడిది?

ఆయన పని మంచిదని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. ఏదో మతలబు ఉందనుకోవడం తేలిక. నూలు చుట్టిన బీముల్లో మంచివి ముందే ఏరుకుంటున్నాడని ఒక నెల నమ్మాను. మడతల ఆమెకు తమలపాకులు తెచ్చిస్తున్నాడని ఇంకో నెల. మా మాటలు షెడ్డు యజమాని సేటుకు మోస్తున్నాడని చాలా కాలం. ఒక్కదానికీ రుజువు లేదు. రుజువు దొరకకపోతే అనుమానం పోవాలి కదా, నాకు మాత్రం 'ఎంత జాగ్రత్తగా చేస్తున్నాడో చూడు' అనిపించేది.

ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద. కోనరావుపేట వైపు నేతవాళ్లు. గుంట మగ్గం మీద వాళ్ల అమ్మ దగ్గర పని నేర్చుకుని, చేతి మగ్గాలు పడిపోయాక సాంచాలకు వచ్చాడు. నేను 'పెద్దన్నా' అనేవాణ్ని, ఆయన 'తమ్మీ' అనేవాడు. మాది నేత కులం కాదు. కోరుట్ల అవతల పల్లెలో మా అమ్మా బాపూ కూలికి పోయేవాళ్లు. నా ఈడు వాళ్లంతా దుబాయి పోతే నాకు రెండుసార్లు వీసా తప్పిపోయింది. అలా సిరిసిల్ల చేరాను. ఇంటికి పోయినప్పుడల్లా కోరుట్ల బస్టాండులో ఎవరో ఒకరు అడిగేవారు, "ఏం పని జేస్తున్నవ్ రా?" అని. "సాంచాలు నడుపుతున్న" అంటే తల ఊపి వేరే మాట ఎత్తుకునేవారు. "షెడ్డు చూసుకుంటున్న" అని చెప్పే రోజు రావాలని నా ఆశ. పైకి రావడమంటే నాకు అప్పట్లో అంతే: బస్టాండులో చెప్పుకోవడానికి ఒక మాట.

ఆ మాట దగ్గరికి వచ్చింది. సేటు పక్క వీధిలో కొత్త షెడ్డు వేస్తున్నాడు. దాన్ని చూసుకునే మనిషిని మాలోనుంచే తీసుకుంటానన్నాడు. అది పెద్దన్నకే వస్తుందని షెడ్డులో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అందుకే ఆ రోజుల్లో ఆయన చేతులు ఎటు పోతున్నాయో, ఎవరితో ఏం మాట్లాడుతున్నాడో అని నా కళ్లు ఆయన మీదే ఉండేవి.

ఊరంతా కూడా అలాగే ఉంది. తెలంగాణ కోసం రోజూ ఊరేగింపులు, రాస్తారోకోలు, వంటా వార్పులు. రోడ్ల మీద మా గొంతులు కలిసేవి. ఇళ్లకు పోయాక మాత్రం ఎవడు నిజంగా మనవాడు, ఎవడు పోలీసులకు మాట చేరవేస్తున్నాడు అని ఒకరి మీద ఒకరికి కన్ను. ద్రోహి అన్న మాట చాయ్ గ్లాసంత తేలికగా చేతులు మారేది.

ఒక పొద్దున పది గంటలకు ఊరేగింపు మా వీధిలోకి వచ్చింది. "సాంచాలు బంద్ పెట్టుండ్రి!" అని కేక. ఎక్కడివక్కడ ఆపి బయటికి ఉరికాం. పెద్దన్న మాత్రం గడప దగ్గర ఆగాడు.

"తమ్మీ, గుండ్లు దించి పోదాం. ఎన్ని రోజులు ఆగుతయో ఏమో."

"తెలంగాణ అచ్చేదాక ఆగుతయే. గుండ్లు దించేంత టైము లేదు, నడు నడు" అని రెక్క పట్టి గుంజాను. అందరూ నవ్వారు. ఆయనా వచ్చేశాడు.

ఆ గుండ్ల సంగతి ఇక్కడ చెప్పాలి. సాంచ వెనక పోగులు చుట్టిన బీము ఉంటుంది. అది ఊరికే తిరిగిపోకుండా గొలుసు వేసి, దానికి ఇనుప గుండ్లు వేలాడదీస్తారు. ఆ బరువుకే పోగులు బిర్రుగా నిలబడతాయి. గుండ్లు దించితే పోగులు జారిపోతాయి, సాంచ నడవదు. దించకుండా రోజుల తరబడి ఆపితే పోగు సాగుతుంది. మళ్లీ నడిపినప్పుడు ఆగిన చోట గుడ్డకు అడ్డంగా ఒక పట్టీ పడుతుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. మేమంతా దాన్ని వానా ఎండా లాంటిది అనుకునేవాళ్లం. సాంచ ఆగితే పట్టీ పడుతుంది, అంతే.

షెడ్లకు తాళాలు వేశాం. బంద్ అయ్యేదాకా ఎవరూ లోపల అడుగు పెట్టొద్దని ఉద్యమం కోసం చౌరస్తాలో వేసిన శిబిరం కింద అందరం చేతులెత్తి ఒట్టు పెట్టుకున్నాం. మా షెడ్డు తాళంచెవి ఎప్పటిలాగే పెద్దన్న దగ్గర ఉంది. రోజూ పొద్దున తెరిచేది ఆయనే.

మూడో రోజు మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోతూ షెడ్డు వెనక సందులోంచి నడిచాను. దగ్గరి తోవ అది కాదు. ఎందుకు అటు పోయానంటే, ఆయన శిబిరంలో కనబడలేదు. తాళం తీసి ఉంది. కిటికీ దగ్గరికి పోయి, నెత్తి మీది ఎర్ర టవలు ముందుకు లాక్కుని లోపలికి చూశాను.

ఆయన తన సాంచాల వెనక గొంతుకూర్చుని ఉన్నాడు. నాలుగు సాంచాల గుండ్లూ దించి గోడ వారగా వరసగా పెట్టాడు. పోగులకు పెట్టిన గంజి వాసనకు వచ్చే ఎలుకలు వాటిని కొరక్కుండా బీముల మీద పాత గుడ్డలు కప్పుతున్నాడు. నా సాంచాల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గుండ్ల వైపు చూశాడు, చెయ్యి పెట్టలేదు. ఒకరి సాంచ మీద ఇంకొకరు చెయ్యి వెయ్యరు, అది మా దగ్గర మర్యాద. తర్వాత తల ఎత్తాడు. నేను చప్పున వంగి సందు దాటేశాను.

చూసింది ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదని కొన్నేళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. గుండ్లు కింద పెట్టి ఏ సాంచా నడవదని సాంచ నడిపే ప్రతి మనిషికీ తెలుసు.

రెండు వారాలకు బంద్ ముగిసింది. అంతకు ముందు రోజే నేను కోరుట్ల పోయాను. తిరిగి వచ్చేసరికి అందరి సాంచాలూ నడుస్తున్నాయి. నాలుగు రోజుల తర్వాత గుడ్డలు బల్ల మీదికి వచ్చాయి. అందరి గుడ్డలోనూ ఆగిన పట్టీ ఉంది. నా నాలుగింటిలోనూ ఉంది. ఆయన గుడ్డలో లేదు. మడతల ఆమె రెండుసార్లు వెనక్కి తిప్పి వెతికింది. సుద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం చాయ్ హోటల్లో నేనన్నది ఒక్క మాటే.

"రెండు వారాలు ఆగిన సాంచకు పట్టీ పడకుంట ఎట్లుంటదే?"

ఎవరి పేరూ ఎత్తలేదు. నిందా వెయ్యలేదు, ఉత్త ప్రశ్న వేశాను. అందులో నాకు ఎంత తెలివి కనిపించిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు. రెండో గ్లాసు పూర్తయ్యేలోపు ఇంకొకడు జవాబు చెప్పాడు: "ఆగకపోతెనే పడదు." తెల్లారేసరికి ఆయన ఇంటి గోడ మీద బొగ్గుతో 'ద్రోహి' అని రాసి ఉంది.

పొద్దున్నే శిబిరం కింద ఆయన్ని నిలబెట్టారు. బంద్‌కు పెద్దగా ఉన్నది నూలును బీములకు చుట్టే పని చేసే ఒక ముసలాయన. కోపిష్టి, కాని పద్ధతి ఉన్న మనిషి.

"షెడ్డుల వడ్డవా లేదా? గదొక్కటి చెప్పు" అన్నాడు.

"వడ్డ" అన్నాడు పెద్దన్న.

"ఒట్టు వెట్టి ఎందుకు వడ్డవ్?"

"గుండ్లు దించనీకి. పోగులు సాగుతయని. మల్ల ఎలుకలు గూడ..."

వెనకనుంచి ఎవరో అందుకున్నారు. "ఎలుకలకు జై తెలంగాణ నేర్పనీకి పోయిండే!" గుంపంతా గొల్లుమంది.

"మేం రోడ్డు మీద లాఠీలు తింటుంటే ఈనకు పోగుల మీద పావురం, ప్రేమ!" అని ఇంకొకడు.

ముసలాయన చెయ్యి ఎత్తి అందరినీ ఆపాడు. "సాంచ నడిపినవా?"

"మా అమ్మ తోడు, నడపలే. గుండ్లు కింద వెట్టినంక ఎట్ల నడుస్తది?"

"కింద వెట్టినట్టు ఎవలన్న చూసిండ్రా?"

పెద్దన్న గుంపు మీదుగా చూపు తిప్పుకుంటూ వచ్చి నా దగ్గర ఆపాడు. నేను నా చెప్పుల వైపు చూశాను.

ముసలాయన నావైపు తిరిగాడు. "నువ్వు పక్క సాంచోనివి. ఈ ముచ్చట మొదలువెట్టింది నువ్వేనట. సాంచ నడుస్తుంటె కండ్లార చూసినవా?"

"నడుస్తుంటె చూడలే. గుడ్డల పట్టీ లేదు, గంతే చెప్తున్న."

"ఇంకేమన్న చూసినవా?"

"లేదు."

నా జీవితంలో ఆ ఒక్క మాటను నేను రోజూ వింటాను. అది కోపంలో జారిన మాట కాదు, భయంతో అన్నదీ కాదు. కొత్త షెడ్డు కళ్ల ముందు పెట్టుకుని, నింపాదిగా అన్నాను.

ఆయన్ని ఎవరూ కొట్టలేదు. పనిలోంచి పొమ్మనీ అనలేదు. పక్కన నిలబడి చాయ్ తాగడం మానేశారు. ఆయన వస్తే ముచ్చట ఆగిపోయేది. సేటుకు తన షెడ్డు అద్దాలు పగులుతాయని భయం పట్టుకుంది. "కొన్ని రోజులు రాకు" అన్నాడు. ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టి పోయాడు. జగిత్యాలలో ఏదో బట్టల దుకాణంలో చేరాడని తర్వాత తెలిసింది. ఆ తాళంచెవి నాకు వచ్చింది. ఇంకో రెండు నెలలకు కొత్త షెడ్డు కూడా వచ్చింది.

కోరుట్ల బస్టాండులో ఆ మాట చెప్పాను. "షెడ్డు చూసుకుంటున్న." ఎదుటివాడు నిజంగానే కళ్లు పెద్దవి చేశాడు. "అరె, నయమే రా!" అని భుజం తట్టాడు. బస్సు ఎక్కాక నా పక్క సీటు ఖాళీగానే ఉంది. ఎవరైనా వచ్చి కూర్చుని సిరిసిల్ల ముచ్చట ఎత్తుతారేమోనని దారంతా గుబులు.

అప్పటినుంచి నా అనుమానం దారి మార్చుకుంది. ఆ రోజు కిటికీ దగ్గర నన్ను ఆయన చూశాడా? చూస్తే ఎవరికైనా చెప్పాడా? షెడ్డులో ఇద్దరు తగ్గు గొంతుతో మాట్లాడుకుంటే అది నా గురించే అనిపించేది. మడతల ఆమె నా ముఖం వైపు కాస్త ఎక్కువసేపు చూస్తే, ఈమెకు తెలిసిపోయింది అనుకునేవాణ్ని.

మళ్లీ బంద్ వచ్చింది. పది రోజులు ఆగాక కొత్త షెడ్డులో ప్రతి గుడ్డకూ పట్టీ. సేటు గుడ్డను వెలుతురుకు పట్టుకుని, "ఆయన ఉంటే గిట్ల కాకపోవు" అన్నాడు. ఎవరిని అన్నాడో చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

దాని తర్వాతి బంద్‌లో నేనే దొంగలాగా తాళం తీసుకుని షెడ్డులోకి పోయాను. మిట్టమధ్యాహ్నం. గుండ్లు ఒక్కొక్కటే దించుతుంటే ఇనుము నేలకు తాకిన ప్రతిసారీ కిటికీ వైపు చూశాను. బయట ఏదో నీడ కదిలినట్టయి గోడకు అంటుకుని నిలబడ్డాను. మేక. ఆయన అక్కడ కూర్చున్నప్పుడు ఇట్లా దాక్కోలేదు. తల ఎత్తి నిబ్బరంగా చూశాడు. దాచాల్సింది ఆయన దగ్గర లేదు మరి.

గుండ్లు దించినా గుడ్డలో పట్టీ పడింది. సన్నగా, కాని పడింది. అంటే ఆయన ఇంకేదో చేసేవాడు. ఈసారి అది మతలబని అనుకోలేకపోయాను, కూర్చుని వెతికాను. ఆ రోజుల్లో బంద్‌లకూ కరెంటు కోతలకూ కొదవ లేదు, సాంచ ఆగిన ప్రతిసారీ ఒక్కో తీరుగా చేసి చూశాను. చివరికి తెలిసింది. ఆగక ముందు నేసిన చివరి వేలెడు గుడ్డను పోగు పోగుగా విప్పెయ్యాలి. గుండ్లు కొద్దికొద్దిగా ఎక్కించుకుంటూ, కరెంటు వెయ్యకుండా, చక్రాన్ని చేత్తో తిప్పుతూ మళ్లీ నెయ్యాలి. నాలుగు సాంచాలకు ఒక పూట పడుతుంది. ఆ పూట ఉత్పత్తి ఉండదు. అన్నేళ్లూ ఆయన అందరికంటే ముందు, చీకటితోనే వచ్చి తాళం ఎందుకు తీసేవాడో అప్పుడు అర్థమైంది.

మొదటిసారి నేను అలా నేసిన గుడ్డ బల్ల మీదికి సుద్ద లేకుండా పోయిన రోజు, దాన్ని గుమ్మం దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు పట్టాను. ఎంత వెతికినా ఆగిన చోటు దొరకలేదు. నేను చేసిన పనికి నా ఒళ్లు పులకరించడం అదే మొదలు. పక్కనున్న వాళ్లు అడిగారు, "ఎట్ల జేసినవే?" అని. ఎలా చేశానో చెబితే ఆయన కూడా అలాగే చేశాడని చెప్పినట్టే. "గట్లనే వచ్చింది" అని తప్పించుకున్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను ఆయన్ని ఏ చూపుతో చూసేవాణ్నో ఆ చూపే అది.

తెలంగాణ వచ్చుడు ఖాయమని ఊళ్లన్నీ రంగులు చల్లుకుంటున్న రోజుల్లో జగిత్యాల బస్సెక్కాను. దుకాణంలో గుడ్డ చింపుతున్న మనిషి, "ఆయనా? పోయిండు. కండ్లు మసక వడ్డయి, గజం మీది గుర్తులు కనవడుత లేవని ఆయనే పని ఇడిశిండు. కోరుట్లల బిడ్డ కాడ ఉంటుండు" అన్నాడు. అక్కడినుంచి కోరుట్ల పోయాను. ఈసారి బస్టాండులో ఎవరి కంటా పడకుండా నడిచాను.

బిడ్డ గడపలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మగడు దుబాయిలో ఉన్నాడు.

"ఎవలు మీరు? ఏడికెళ్లి?" అంది, చేతులు ఆపకుండా.

"సిరిసిల్లకెళ్లి. మీ నాయనతోని పనిజేసిన."

చేతులు ఆగాయి. "ఇంకా ఏం మిగిలిందని వచ్చిండ్రు?"

లోపలినుంచి ఆయన గొంతు వినబడింది. "రానియ్యి బిడ్డా. తమ్మి గొంతు లెక్కుంది."

మంచం మీద కూర్చున్నాడు. కళ్లలో పొర. నేను బస్సులో కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి, "పెద్దన్నా, ఆ రోజు కిటికీల నుంచి చూసింది నేనే. గుండ్లు కింద ఉన్నయని నాకు తెల్సు" అన్నాను.

"నాకు తెల్సు" అన్నాడు. "నీ ఎర్ర టవల కనవడ్డది."

"మరి ఆ రోజు అందరి ముంగట ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని చూసిన" అన్నాడు. "అటెన్క, నేను జెప్పినా ఎవలు నమ్ముదురు?" ఆ వెంటనే, "ఇప్పుడు గుండ్లు దించుతున్నవా?" అని అడిగాడు.

"దించుతున్న. చివరి వేలెడు ఇప్పి, చేత్తోని నేస్తున్న."

ఆయన ముఖంలో మొదటిసారి కదలిక వచ్చింది. "ఎవలు నేర్పిండ్రు?"

"ఎవలు నేర్పలే. మీ గుడ్డ చూసి నేర్చుకున్న."

నేను తప్పు ఒప్పుకుంటూ చేతులు జోడించబోతే విసుక్కున్నాడు. "నాకెందుకు చెప్తున్నవ్ తమ్మీ? నాకు ముందే తెల్సు గద. తెల్వనోల్లకు చెప్పుపో."

మర్నాడు సిరిసిల్లలో అదే చాయ్ హోటల్ ముందు, జనం ఉన్న పూట చూసి చెప్పాను. కిటికీ, గుండ్లు, శిబిరం కింద నేనన్న 'లేదు', అన్నీ. కొందరికి ఆ సంగతే గుర్తు లేదు. ఒకడు కన్ను కొట్టి, "ఏందే, కౌన్సిలరుకు నిలవడుతున్నవా?" అన్నాడు. ఇంకొకడు, సేటుతో నాకు చెడిందేమో, అందుకే ఈ నాటకం అన్నాడు. ముసలాయన మాత్రం గ్లాసు కింద పెట్టాడు.

"నిన్ను ఎన్నిసార్లడిగిన?"

"రెండుసార్లు."

"రెండోసారి ఎందుకడిగిన్నో ఎరుకేనా? నీ కండ్లు కిందికున్నయ్. ఇంకోసారి అడగాల్సుండె" అని తన మోకాలి మీద తానే కొట్టుకున్నాడు. తర్వాత ఇద్దరిని వెంట తీసుకుని పెద్దన్న పాత ఇంటికి పోయాడు. గోడ మీది బొగ్గు రాతకు ఎవరో ఎప్పుడో సున్నం వేశారు, అయినా అక్షరాలు లీలగా కనబడుతున్నాయి. దాని మీద మళ్లీ వేయించాడు.

తాళంచెవి సేటుకు ఇచ్చేశాను. మళ్లీ నాలుగు సాంచాలకు వచ్చాను. ఇప్పటికీ నేనేదైనా చెబితే పక్కనున్న వాణ్ని ఇంకోసారి అడిగి రూఢి చేసుకుంటారు. మడతల ఆమె నా గుడ్డను రెండుసార్లు తిరగేస్తుంది. తప్పేం లేదు.

ఆ ఎండాకాలం మళ్లీ కోరుట్ల పోయాను. ఐదు రోజులు ఆగిన సాంచ మీది గుడ్డను రెండు గజాలు, ఆగిన చోటు మధ్యలో వచ్చేలా కోయించి సేటును అడిగి తీసుకుపోయాను. పెద్దన్న దాన్ని ఒళ్లో వేసుకుని, ఈ చివరినుంచి ఆ చివరికి బొటనవేలూ చూపుడువేలూ మధ్య నడిపించాడు.

"ఏడ ఆగింది?"

"మీరే చెప్పుండ్రి."

మళ్లీ మొదటినుంచి నడిపించాడు. మధ్యలో ఒకచోట వేళ్లు నిలిచాయి, మళ్లీ కదిలాయి. నమ్మకం కుదిరినట్టు లేదు.

"నిజంగ ఆగిందా?" అన్నాడు నావైపు తిరిగి.

"ఆగింది."

ఆయన నా మాటతో సరిపెట్టుకోలేదు. గుడ్డను గడప వైపు చాచి, "బిడ్డా, నీ కండ్లతోని చూడు. నా చెయ్యి మోసపోతుందేమో" అన్నాడు.

ఆమె బీడీల చాట దించి లేచింది. గుడ్డను గుమ్మంలో ఎండకు పట్టుకుని పైనుంచి కిందికి చూసింది, కిందినుంచి పైకి చూసింది. తర్వాత ఆ గుడ్డ పక్కనుంచి నా ముఖంలోకి చూసింది. మళ్లీ గుడ్డ వైపు తిరిగి, అంగుళం అంగుళం వెతకడం మొదలుపెట్టింది. నేను నిలబడే ఉన్నాను.